వాగు వెంట నడక – పెద్దవయసు వారికి తగిన చంక్రమణము

మన మధ్యతరగతి కుటుంబములలో ఇప్పుడు ఒక ప్రయాణము సర్వసాధారణమైపోయినది. కుమారుడో కుమార్తెయో లండనులో ఉద్యోగరీత్యా స్థిరపడుట, మనుమలను చూచుటకు తల్లిదండ్రులు కొన్ని మాసములపాటు అక్కడికి వెళ్లుట. బయలుదేరునపుడు ఊరగాయలు, కారప్పొడులు, ఆరు నెలలకు సరిపడు మందులు శ్రద్ధగా సర్దుకొందురు. అక్కడ ప్రతిదినము ఎక్కడ నడవవలెనను ఆలోచన మాత్రము ఆ పెట్టెలో చేరదు.

దాని ఫలితము స్వల్పమైనది కాదు. ఇక్కడ ఉన్నంతకాలము పాలకు, కూరగాయలకు, గుడికి, పక్కవీధిలోని బంధువుల యింటికి తిరుగుచు తెలియకుండగనే రెండు మూడు కిలోమీటర్లు నడచిన మనిషి, అక్కడ తలుపులు బిగించిన వెచ్చని గదిలో టెలివిజను ఎదుట కూర్చుండిపోవును. పిల్లలు పనికి, మనుమలు బడికి పోయిన పిమ్మట మాటాడుటకు మనిషి ఉండడు. పట్టుమని నెల గడవకముందే మలబద్ధకము, మోకాళ్ల బిగువు, రాత్రివేళ నిద్రలేమి మొదలగును. మధుమేహము గలవారికి రక్తములోని చక్కెర అదుపు తప్పును. ఇక శని ఆదివారములు వచ్చినచో పిల్లలు ప్రేమకొద్దీ ఊరంతయు ఒక్కదినములోనే చూపింపబూనుదురు. ఐదు దినములు కదలకుండుట, ఆరవ దినమున మెట్లు, వంతెనలు, మైళ్లకొలది కాలిబాటలు! ఆదివారము రాత్రి పాదములు వాచి, సోమవారము మంచము దిగలేని పెద్దలు ఎందరో ఉన్నారు. ఈ రెండు అతులకు నడుమ, అదే నగరపు శివార్లలో, మెల్లగా పారు ఒక వాగు ఉన్నది. దాని ఒడ్డున బాట ఉన్నది. ఈ వ్యాసము దానిని గురించియే.

శాస్త్రము చెప్పిన మూడు విధముల నడక

అష్టాంగహృదయ కర్త వాగ్భటుడు వ్యాయామమును ఎంతగా ప్రశంసించినను, దానిని విడువవలసిన వారి జాబితాలో వాతపిత్త రోగులను, బాలురను, వృద్ధులను, అజీర్ణముతో ఉన్నవారిని చేర్చినాడు. ఇది చదివి కొందరు పెద్దలు “మాకు నడక కూడ వలదని శాస్త్రమే చెప్పినది కదా” అని తృప్తిగా కూర్చుండుట కద్దు. అది తొందరపాటు. వ్యాయామము వేరు, చంక్రమణము వేరు.

సుశ్రుతుడు చికిత్సాస్థానములో నడకను మూడుగా విడదీసినాడు. దూరపు నడక కఫమును, స్థూలతను పోగొట్టును; దానితోపాటు దేహచ్ఛాయను, సౌకుమార్యమును కూడ హరించును. మితిమీరిన దూరపు నడక ముసలితనమును, దౌర్బల్యమును తెచ్చును. ఈ రెండును గాక, దేహమును అంతగా బాధింపని నడక యొకటి ఉన్నది. దానికే చంక్రమణమని పేరు. అది ఆయువును, బలమును, మేధను, జఠరాగ్నిని ఇచ్చుననియు, ఇంద్రియములను మేల్కొల్పుననియు ఆయన అభిప్రాయము. వృద్ధులకు కావలసినది ఈ మూడవది.

ఎంత నడచినచో అది హద్దు దాటినట్లు? దానికి గజముల లెక్క, గడియారపు లెక్క పూర్వులు చెప్పలేదు. హృదయమునందలి వాయువు నోటివరకు వచ్చుట, అనగా ముక్కుతో చాలక నోటితో గాలి పీల్చవలసి వచ్చుట అర్ధశక్తికి గుర్తు అన్నారు. నుదుట, ముక్కుపై, కీళ్ల వద్ద చెమట పుట్టుటయు నోరెండుటయు కూడ గుర్తులే. నేటి వైద్యులు ఇదే మాటను మరొక రీతిగా చెప్పుదురు: నడచుచు ప్రక్కవారితో మాటాడగలిగి ఉండవలెను, మాట తెగిపోవుచున్నచో వేగము తగ్గింపవలెను. చలిదేశములో కోటు లోపల పట్టిన చెమట ఆలస్యముగా తెలియును. కావున అక్కడ చెమటకన్న శ్వాసను నమ్ముటయే మేలు.

డాలిస్ వాగు

లండను నగరమునకు వాయవ్య దిశలో మిల్ హిల్ అను ఎత్తైన ప్రాంతమున్నది. దాని సమీపమున పుట్టి, తూర్పుగా బార్నెట్ వైపు పారి, అక్కడ దక్షిణమునకు మళ్లి, టాటరిడ్జ్, ఫించ్‌లీ ప్రాంతముల మీదుగా హెండన్ వరకు వచ్చు చిన్న ప్రవాహమే డాలిస్ బ్రూక్. అక్కడ మట్టన్ బ్రూక్ అను మరొక వాగు దానితో కలియును. ఆ రెంటి కలయికనుండి బ్రెంట్ నది ఏర్పడి, బ్రెంట్‌ఫర్డ్ వద్ద థేమ్స్ నదిలో పడును. మన కృష్ణా గోదావరులను చూచిన కన్నులకు ఇది పంటకాలువ పాటి కూడ అనిపింపదు. చాలచోట్ల ఒక్క గెంతుకు దాటదగినంతటిది.

ఈ వాగును ఆశ్రయించుకొని డాలిస్ వ్యాలీ గ్రీన్‌వాక్ అను నడకబాట ఉన్నది. దాని పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఉత్తరమున మిల్ హిల్ దగ్గరి మోట్ మౌంట్ అను అడవిభూమి వద్ద మొదలై, హెండన్ సమీపమున మట్టన్ వాగును పట్టుకొని, 1907లో హెన్రియెట్టా బార్నెట్ అను వనిత సంకల్పముతో ఆరంభమైన హ్యాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ మీదుగా హ్యాంప్‌స్టెడ్ హీత్ చేరును. లండను చుట్టును రెండు పెద్ద నడకబాటలు వలయములవలె ఉన్నవి: వెలుపలిది లండన్ లూప్, సుమారు 240 కిలోమీటర్లు, లోపలిది క్యాపిటల్ రింగ్, సుమారు 126 కిలోమీటర్లు. ఈ వాగుబాట ఆ రెంటిని కలుపు పుల్లవంటిది.

“నీరు పల్లమెరుగు” అని మన సామెత. ఈ బాట పెద్దవయసు వారికి అనుకూలించుటకు మూలకారణము అదియే. కొండలను, మిట్టలను చుట్టి, ఉన్నంతలో మిక్కిలి మెత్తని వాలును నీరు తానే వెదకుకొనును. నీటి ప్రక్కన వేసిన బాటకు ఆ వాలే వచ్చును. ఉత్తర లండను చదునైన ప్రదేశము కాదు. వీధులు ఎక్కుచు దిగుచు ఉండును. మోకాళ్ల నొప్పులు గలవారు ఆ వీధులలో నడచి అలసిపోయి, “ఈ ఊరిలో నడక మా వల్ల కాద”ని నిశ్చయించుకొందురు. అదే ఊరిలో వాగు పక్కకు దిగినచో కథ వేరు.

నగరము ఇంత పెరిగినను వాగు ఒడ్డున ఇండ్లు కట్టక ఎందుకు విడిచిరని సందేహము కలుగవచ్చును. ఆ నేల బంకమన్ను. లండన్ క్లే అని దానికి పేరు. నల్లరేగడి వలె అదియు నీటిని త్వరగా ఇంకనీయదు. వాన కురిసినచో నీరంతయు వాగులోనికే పరుగెత్తును. వాగు గంటలలో పొంగి, అంతే త్వరగా తీసిపోవును. ముంపునకు గురియగు అటువంటి పల్లపు నేల చాలవరకు పచ్చికమైదానములుగాను, ఆటస్థలములుగాను మిగిలినది. ఇండ్ల వెనుకనే ఇంతటి పచ్చదనము దొరకుటకు వాగు పొంగుటయే కారణమన్నమాట. కావున పెద్దవాన వెలిసిన దినమున ఆ ఒడ్డునకు పోకుండుటయే మంచిది. నీటిమట్టము తగ్గినను బంకమన్ను జారుడు మరునాటికి గాని తగ్గదు.

రెండు స్టేషనుల నడక

పదహారు కిలోమీటర్ల బాట యని విని భయపడవలదు. అది మొత్తము నడచినచో సుశ్రుతుడు చెప్పిన దూరపు నడక యగును. యౌవనములో ఉన్న పిల్లలు ఒక ఆదివారము నడచుకొందురు గాక. ఉత్తరపు కొనయందలి మోట్ మౌంట్ ప్రాంతము ఎగుడుదిగుళ్లతో, తడి కాలములో బురదతో ఉండును; పెద్దలు దానిని విడిచిపెట్టవచ్చును.

వారికి తగిన భాగము నడుమనున్నది. నార్తర్న్ లైన్ అను భూగర్భ రైలుమార్గము ఇక్కడ నేలపైననే, వాగునకు తూర్పుగా, దాదాపు దానికి సమాంతరముగా సాగును. టాటరిడ్జ్ అండ్ వెట్‌స్టోన్, వుడ్‌సైడ్ పార్క్, వెస్ట్ ఫించ్‌లీ, ఫించ్‌లీ సెంట్రల్ – ఇవి ఉత్తరమునుండి దక్షిణమునకు వరుస స్టేషనులు. ఒకదానికొకటి కిలోమీటరు, కిలోమీటరున్నర దూరములో ఉన్నవి. టాటరిడ్జ్ స్టేషనులో దిగి, టాటరిడ్జ్ లేన్ అను రోడ్డుపై పడమరగా పల్లమునకు కొద్ది నిమిషములు నడచినచో వాగు వచ్చును. అక్కడినుండి నీరు పోవు దిక్కునకే, దక్షిణముగా, నడవవలెను. శక్తి ఉన్నంతవరకు పోయి, చాలుననిపించిన చోట తూర్పునకు మళ్లి, దగ్గరి స్టేషను చేరి రైలెక్కవచ్చును.

అర్ధశక్తి సూత్రమును ఆచరించుటకు ఇంతకన్న అనుకూలమైన ఏర్పాటు దొరకుట కష్టము. పోయినంత దూరము తిరిగి రావలసిన బాటలో, అలసిన పిమ్మట సగము నడక మిగిలియుండును. వృద్ధులు చిక్కులో పడుట అట్టి చోటనే. ఇక్కడ ఆ బాధ తక్కువ. అయితే ఒక్క విషయము మరువరాదు. వాగు పల్లములో ఉన్నది, స్టేషనులు మిట్టమీద ఉన్నవి. అనగా ఎక్కుడు నడక చివరిలో, పది నిమిషములపాటు ఇండ్ల వీధులలో వచ్చును. ఆ పది నిమిషములకు సరిపడు బలమును చేతిలో ఉంచుకొని మళ్లవలెను. మొదటి వారము టాటరిడ్జ్ నుండి వుడ్‌సైడ్ పార్క్ వరకే చాలును. రెండవ మూడవ వారములలో వెస్ట్ ఫించ్‌లీ వరకు పొడిగించుకొనవచ్చును.

ఇంకను ఓపిక ఉన్నవారికి, ఫించ్‌లీ సెంట్రల్ దాటిన పిమ్మట ఒక చూడదగిన కట్టడము ఎదురగును. వాగుపై ఎత్తుగా నిలిచిన ఇటుకల రైలువంతెన. 1860లలో కట్టిన ఈ వంతెనకు పదమూడు కమానులు. ఎత్తు సుమారు 60 అడుగులు. లండను భూగర్భ రైళ్లు నేలమట్టమునకు మిక్కిలి ఎత్తున నడచు చోటు ఇదేనట! మనుమలను వెంట తీసుకొనిపోయినచో, క్రింద నిలిచి మిల్ హిల్ ఈస్ట్ వైపు పోవు రైలుకై ఎదురుచూచుట వారికి మంచి కాలక్షేపము. పాఠశాలకు సెలవు దినములలో తాతయ్య నడకకు తోడు దొరకుటకు ఇది ఒక ఉపాయము కూడను.

పిల్లలు మరొక వైపు కాపురమున్నచో నిరాశ వలదు. దక్షిణ లండనులో వాండిల్ నది వెంటను, ఆగ్నేయమున రావెన్స్‌బోర్న్ వెంటను ఇటువంటి బాటలే ఉన్నవి. ఏ శివారులో దిగినను ముందుగా అడుగవలసిన ప్రశ్న “ఇక్కడ వాగు ఎక్కడ?” అని.

కర్ర, పాదరక్ష, చూపు

చరకుడు దినచర్యలో చేతికర్రను ధరించుటను ప్రత్యేకముగా పేర్కొన్నాడు. తూలినవానిని నిలుపును, ఆధారమగును, భయమును పోగొట్టును అని దాని గుణములు. మనవారిలో కొందరు కర్ర పట్టుటను అవమానముగా తలచుదురు. కోడలి ఎదుట, వియ్యంకుల ఎదుట ముసలివారుగా కనబడుదుమని సంకోచము. పరదేశములో తుంటి ఎముక విరిగినచో కలుగు కష్టము ముందు ఈ సంకోచము ఏపాటిది? రాలిన ఆకులు తడిసి బాటపై పరచుకొను అక్టోబరు, నవంబరు మాసములలో కర్ర లేక వాగు ఒడ్డునకు పోరాదు.

పాదరక్షలు కూడ దినచర్యలో చెప్పబడినవే. హవాయి చెప్పులు, పలుచని కాన్వాసు బూట్లు అక్కడ పనికిరావు. అడుగున లోతైన గాట్లుండి, మడమను గట్టిగా పట్టు బూట్లు కావలెను. అవి అక్కడికి వెళ్లిన పిమ్మట, మందపాటి మేజోళ్లు తొడిగి, సాయంకాలము పాదము కొంచెము ఉబ్బియున్నవేళ కొనుట ఉత్తమము.

నడచునపుడు యుగమాత్రము, అనగా నాలుగు మూరల మేర, ముందు చూచుచు నడవవలెనని వాగ్భటుడు చెప్పినాడు. వాగుబాటకు ఇది అక్షరాల వర్తించును. చెట్ల వేళ్లు బాటపైకి పొడుచుకొని వచ్చియుండును. సైకిళ్లవారు, కుక్కలను నడిపించువారు ఎదురగుదురు. కుక్క దగ్గరకు వచ్చినచో పరుగెత్తరాదు. నిలిచిపోయినచో యజమాని పిలుచుకొనును. పక్షులను, నీటిని చూడవలెనన్న నిలిచి చూడుడు. కొంగజాతి పక్షి యొకటి నీటిలో కదలక నిలుచుట, అదృష్టమున్నచో లకుముకిపిట్ట నీలముగా మెరసి పోవుట కనబడును. నడచుచు చూడవలదు.

మధుమేహము గలవారికి

ప్రమేహ చికిత్సలో సుశ్రుతుడు ఒక కఠినమైన విధి చెప్పినాడు. ధనహీనుడైన రోగి చెప్పులు, గొడుగు లేక, భిక్షాన్నముతో, ఒక్కొక్క ఊర ఒక్కొక్క రాత్రి మాత్రము ఉండుచు, నూరు యోజనములో అంతకెక్కువయో నడవవలెనట. యోజనము ఎంతయని ఎట్లు లెక్కించినను అది వందల మైళ్ల నడక. నడకయే మధుమేహమునకు మందని అంత పూర్వమే గుర్తించిన ఆ దృష్టికి నమస్కరించవలసినదే. కాని చెప్పులు లేకుండ అను మాటను నేటి రోగి పాటింపరాదు. చిరకాల మధుమేహములో పాదములకు స్పర్శ తగ్గును; ముల్లు గ్రుచ్చినను తెలియదు. తెలియని పుండు ముదిరి వేలిని, ఒక్కొక్కసారి కాలినే తీయించును.

భోజనానంతరము నూరడుగులు నడచి, పిమ్మట ఎడమప్రక్కకు పరుండవలెనని కూడ సుశ్రుతుని మాట. తిన్న వెంటనే కొద్దిపాటి నడక రక్తములోని చక్కెర పెరుగుదలను తగ్గించునని నేటి పరిశోధనలును చెప్పుచున్నవి. ఇది ఇంటిముందు వీధిలోనే చేయదగిన పని. వాగు నడకకు బదులు కాదు, దానికి తోడు. ఇన్సులిన్ గాని, చక్కెరను బాగుగా దించు మాత్రలు గాని వాడువారు వాగు నడకకు ఖాళీకడుపుతో పోరాదు. జేబులో గ్లూకోజు బిళ్లలో, పంచదార పొట్లమో ఉండవలెను. చల్లని చెమట, వణకు, ఆకలి, తల తిరుగుట కలిగినచో అది అర్ధశక్తి గుర్తు కాదు. వెంటనే కూర్చుండి తీపి తీసుకొనవలెను. గుండెలో బరువు గాని, ఎడమచేతికి, దవడకు ప్రాకు నొప్పి గాని వచ్చినచో నడక ఆపి, క్షణమాలస్యము చేయక 999 నంబరుకు ఫోను చేయవలెను. గుండెజబ్బు, రక్తపు పోటు ఉన్నవారు బయలుదేరకముందే ఇక్కడి వైద్యుని అడిగి నడక ప్రమాణము నిర్ణయించుకొందురు గాక.

వేళ, వెలుతురు, చలి

మనవారికి బ్రాహ్మీముహూర్తమున లేచి నడచు అలవాటు. లండనులో అది చెల్లదు. డిసెంబరు మాసములో సూర్యుడు ఎనిమిదింటికి ఉదయించి నాలుగు కాకమునుపే అస్తమించును. చీకటిలో వాగుబాట నడకకు తగినది కాదు. శీతకాలమున పగలు పదకొండు మొదలు రెండింటివరకు మంచి వేళ. జూను మాసములోనైతే రాత్రి తొమ్మిది దాటువరకు వెలుతురుండును. కొత్తగా దిగినవారికి మొదటి దినములలో తెల్లవారుజాము రెండు మూడు గంటలకే మెలకువ వచ్చుచుండును. మన గడియారము వారికన్న వేసవిలో నాలుగున్నర, చలికాలములో ఐదున్నర గంటలు ముందుండుటయే కారణము. అట్టివారు వారము దినములు మధ్యాహ్నము తరువాత, వీలైనంత సాయంకాలపు వెలుతురులో నడచినచో నిద్ర త్వరగా దారికి వచ్చును.

ఎండను గురించి మరొక మాట. చలికాలపు సూర్యుడు అక్కడ ఎంత వెలిగినను చర్మములో విటమిన్ డి తయారగుటకు ఆ కిరణములు చాలవు. మన వంటి చామనఛాయ గలవారికి లోటు మరింత. దినమునకు 10 మైక్రోగ్రాముల మాత్రను తీసుకొనుట మంచిదని అక్కడి ప్రభుత్వ వైద్యవిభాగము సలహా. నడచుచున్నాము కదా యని దానిని ఉపేక్షింపరాదు. మీ వైద్యునితో ముచ్చటించి ఆరంభింపుడు.

హేమంత శిశిరములలో జఠరాగ్ని ప్రబలమై ఉండుననియు, అప్పుడు బలమునకు తగిన ఆహారము లేనిచో ధాతువులు క్షీణించుననియు ఋతుచర్య చెప్పును. చలిలో ఉపవాసముతో నడచుట తగదు. నడకకు గంట ముందు వేడి ఉప్మాయో, నేయి వేసిన పొంగలియో కొంచెము తినవచ్చును. చెవులు, మెడ కప్పుకొనవలెను. ఎదురుగాలికి వాతము ప్రకోపించు స్థానములు అవి. ఆ బాటలో మూత్రశాలలు దొరకుననుకొనవలదు. చలిలో మూత్రము తరచుగా వచ్చును గనుక ఇంటివద్దనే ముగించుకొని బయలుదేరవలెను. నీరు త్రాగుట మానుకొనుట దీనికి ఉపాయము కాదు.

ఒడ్డున మొలిచినవి కోయరాదు

గృహవైద్యమునందు ఆసక్తి గల మన పాఠకులకు ఈ హెచ్చరిక ముఖ్యము. పచ్చని ఆకు కనబడగానే కోసి వాసన చూచుట మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. ఇంగ్లండు వాగుల ఒడ్డున కొత్తిమీర కుటుంబమునకు చెందిన విషపు మొక్కలు ఉన్నవి. హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్ అనునది ఆకున కొత్తిమీరను, దుంపలు ముల్లంగిజాతిని తలపించును. కొద్దిగా తినినను ప్రాణాపాయము. జెయింట్ హాగ్‌వీడ్ అను నిలువెత్తు మొక్క రసము చర్మమునకు తగిలి ఎండ సోకినచో బొబ్బలెక్కును. నెటిల్ అను దురదగొండి వంటి మొక్క బాటకు ఇరుప్రక్కల విస్తారముగా ఉండును. దాని మంట కొన్ని గంటలలో తగ్గిపోవును గాని, మొదటిసారి కంగారు పుట్టించును. వేసవిలోనైనను పూర్తిచేతుల చొక్కా, పాదములవరకు వస్త్రము ఉండుట మేలు. చీరకట్టు స్త్రీలు కుచ్చిళ్లు కొంచెము ఎత్తి కట్టుకొని, క్రింద మేజోళ్లు ధరించుట అవసరము. మే మొదలు జులై వరకు గడ్డిపుప్పొడి గాలిలో ఎక్కువ. ఉబ్బసము గలవారు తమ పీల్చు మందును వెంట ఉంచుకొనవలెను.

ఇంటికి వచ్చిన తరువాత

బూట్లు గుమ్మము వద్దనే విడిచి, బురదను ఆరకముందే తుడువవలెను. పాదములను గోరువెచ్చని నీటితో కడుగుకొని, వ్రేళ్ల నడుమ తడి లేకుండ ఒత్తవలెను. స్పర్శ తగ్గిన రోగులు నీటి వేడిని పాదముతో పరీక్షింపరాదు. మోచేతితో చూడవలెను, లేదా ఇంటివారిచే చూపింపవలెను. అరికాలిని అద్దములోనో, మనుమరాలి సాయముతోనో ప్రతిదినము పరిశీలించి, ఎరుపు, పొక్కు, గీత ఉన్నవేమో చూచుకొనవలెను.

ఒక చిన్న అల్లపుముక్క, నాలుగు మిరియములు దంచి మరిగించిన నీటిలో కొంచెము బెల్లము కలిపి వేడిగా త్రాగినచో చలి విరుగును. మధుమేహులు బెల్లము మానవలెను, కడుపులో మంట గలవారు మిరియము తగ్గింపవలెను. రాత్రి పరుండబోవు ముందు పాదాభ్యంగము. పాదములందలి గరుకుదనమును, బిగువును, అలసటను, తిమ్మిరిని పోగొట్టి, నిలుకడను, దృష్టికి ప్రసన్నతను ఇచ్చునని చరకుడు చెప్పిన ప్రక్రియ ఇదియే. రెండు చెంచాల నువ్వులనూనెను గిన్నెతో వేడినీటిలో ఉంచి వెచ్చచేసి, మోకాళ్లనుండి మడమలవరకు, పిమ్మట అరికాళ్లకు పది నిమిషములు మెల్లగా మర్దించవలెను. మధుమేహులు వ్రేళ్ల సందులకు నూనె తగులనీయరాదు. మర్దనము మంచముపై, పాత తువ్వాలు పరచుకొని చేసికొనవలెను. అయిన పిమ్మట నూనెను తుడిచి నూలు మేజోళ్లు తొడిగి గాని నేలపై అడుగు పెట్టరాదు. అక్కడి స్నానపుగదుల పలకలు మిక్కిలి నున్నగా ఉండును.